కండెల గంప బోర్లేసిన పొద్దు

ఏటూరునాగారం,
12 నవంబర్ 1978

పూలక్కకు,

నీ తమ్ముడు బాలకిషన్ జ్వరం గిరం లేకుండ మంచిగ ఉన్నడని మొదట్లనే రాస్తున్న. లేకుంటే మిగతా ఉత్తరం నువ్వు సక్కగ చదవవు. మొన్న వరంగల్ నుంచి వచ్చేటప్పుడు బస్సు ములుగు దాటంగనే మళ్లీ పంచరైంది. ఈ బస్సు ఒక్కసారన్న పంచరు గాకుండ టైముకు చేరితే డ్రైవర్‌కు పూలదండ వేస్తనని మొక్కుకున్న. స్కూలు బాగానే నడుస్తున్నది. ఇప్పపూలు ఏరే కాలం కాదు కాబట్టి పిల్లలందరు వస్తున్నరు.

అసలు సంగతి వేరే ఉన్నది. కథ రాసిన. నాతోని బడిల పాఠాలు చెప్పే తెలుగు పంతులు రాజేశ్వర్ రావు సారు పుస్తకాలిచ్చి, వెంటపడి రాయించిండు. ఒక వారపత్రిక ఉగాదికి కథల పోటీ పెట్టింది, దానికి పంపుదామని. కథ పేరు 'ఆమె లేవలేదు'. మన ఇంటి కథే. బాపు పోయిన నాలుగు నెలలకు నన్ను సుబేదారి హాస్టల్‌కు పంపిన పొద్దు నీకు యాదికున్నదా? అదే. తొమ్మిదేండ్ల పిల్లగాడు తన నోటితోని చెప్తడు.

నువ్వు ఆ రోజు అక్కడనే ఉన్నవు. ఒకసారి చదివి తప్పులుంటే చెప్పు. చిన్నవ్వకు మాత్రం చెప్పకు. మనల కన్నతల్లి పోయినంక వచ్చిన మనిషి, తన గురించి ఇట్ల రాసిన్నని తెలిస్తే ఏమనుకుంటదో.

బావకు నమస్కారాలు చెప్పు. జవాబుకు ఎదురుచూస్తున్న.

నీ బాలకిషన్

---

కొత్తవాడ, వరంగల్
20-11-78

తమ్మీ,

నీ కథ పొయ్యికాడ కూసోని చదివిన. చిక్కుడుకాయ కూర అడుగంటింది. మీ బావ తినుకుంట ఒక్క మాట అనలే, అనకపోయేసరికి నాకు ఇంకింత కోపమొచ్చింది. గీ కూర పాపం నీదే.

మంచిగ రాసినవ్ బిడ్డా. అబద్ధమెందుకు, రెండు తాపల ఏడ్చిన. కండెల గంప బోర్లేసి, దాని మీద పిల్లగాన్ని కూసోబెట్టి, ఆమె ఎనుకనుంచి తలకు నూనె రాసుడు. ఒక్క మాట మాట్లాడకపోవుడు. రిక్షా రాంగనే పోయి మగ్గం గుంటల కూసునుడు. పిల్లగాడు ట్రంకుపెట్టె పట్టుకోని "పోయొస్త" అంటె లేవకపోవుడు, గోడదిక్కు మొకం పెట్టి, నూలు కండె పెట్టే నాడె అటిటు ఆడిచ్చుడు. రిక్షా మలుపు తిరిగేదాక మగ్గం సప్పుడు ఆగకపోవుడు. నేను మలుపుకాడ నీళ్ల బిందెతోని ఎదురొచ్చి నీ కొత్త అంగి తడుపుడు గూడ రాసినవ్. అన్నీ అయినయే. ఒక్కటి గూడ నువ్వు కల్పిచ్చినది లేదు.

గని తమ్మీ, చదివినంక చిన్నవ్వ ఉత్త బండరాయి అనిపిచ్చింది. నాకు ఆనాడు గట్ల కనవడలే. నువ్వు రాసింది అబద్ధం గాదు, నిజం గూడ గాదు. ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వది, నేను నాలుగో తరగతి.

ఒక ముచ్చట గుర్తు పెట్టుకో. మన మగ్గాల షెడ్డుల పనిచేసే భాస్కర్ బేస్తారం బేస్తారం వారపత్రిక తెచ్చి గట్టిగ చదువుతడు. మగ్గాల మీదోళ్లు నేసుకుంట ఇంటరు. నేను చిన్నవ్వ చరఖా మీద నూలు కండెలకు చుట్టుకుంట ఇంటం. నీ పేరు అచ్చుల పడ్డదంటె పొద్దుగాలనే అందరికి చెప్పి, ముందు వరుసల కూసునేది చిన్నవ్వనే. మా వోడు కథలు రాస్తాండని ఇప్పటికే వాడంత డప్పు కొట్టింది. గా కథ ఆమె చెవులకే పోతది. జర ఆలోచించు.

గొంగడి కప్పుకోని పండు. ఆడ చలి ఎక్కువట.

మీ అక్క
పూలమ్మ

---

ఏటూరునాగారం,
2 డిసెంబర్ 1978

అక్కా,

మాడిన కూర తిన్న బావకు ముందు నా సానుభూతి చెప్పు.

నువ్వు రాసింది రాజేశ్వర్ రావు సారుకు చదివి వినిపించిన. ఆయన చెప్పింది నీకు రాస్తున్న, కోపం తెచ్చుకోకు. కథ ఎవరి కండ్లతోని మొదలుపెడితే కడదాక వాళ్ల కండ్లే ఉండాలె. మధ్యల ఇంకొకరి మనసులకు దూరితే చదివేటోడు నమ్మడు. నా కథల పిల్లగానికి ఆమె వీపే కనపడ్డది. వీపే రాసిన. వీపు అవతల ఏమున్నదో వానికెట్ల తెలుస్తది? అది నా తప్పు కాదు, కథ పద్ధతి.

ఇంకొకటి, ముందు సూచన. కడకు అయ్యేదానికి గుర్తు మొదట్లనే ఎక్కడో ఒకచోట పెట్టాలె, కానీ గుర్తు అని తెలియనియ్యొద్దు. వాన ముందు చీమలు గుడ్లు మోసుకపోతయ్ గదా, చీమలను చూపియ్యి, వాన వస్తదని మాత్రం చెప్పకు అంటడు సారు. నా కథల అట్లాంటిది కండెల గంప. బోర్లేసిన గంప అంటే ఇగ ఆ ఇంట్ల పిల్లగానికి జాగ లేదని సూచన. సారు దానికే ఎక్కువ మెచ్చుకున్నడు. నిజం చెప్తే రాసేటప్పుడు నాకు ఆ ఆలోచనే లేదు. గంప బోర్లేసి ఉండె, రాసిన. ఆయన చెప్పినంక నాకు గూడ అట్లనే అనిపించింది.

వాడ ఏమనుకుంటదో అని నువ్వు భయపడుతున్నవు. వాడ కోసం కథలు రాస్తరా అక్కా? పేర్లు గూడ పెట్టలే, 'ఆమె' అనే రాసిన.

చలికి గొంగడి సరిపోతున్నది.

బాలకిషన్

---

కొత్తవాడ
13-12-78

పంతులు గారికి,

మీ అక్క పూలమ్మ దండం పెట్టి రాసుకునేది. సారు పాఠం ఇన్న. నాకు అర్థం గాదనుకున్నవా? గిది మాకు కొత్త గాదు.

పడుగు పోసేటోడు బట్ట పొడువు కొలిచి, ఒక్కొక్క దుప్పటికి పడుగు మీద జాజు గుర్తు పెడతడు. మగ్గం మీద కూసున్నోనికి ఆ ఎర్రగుర్తు దగ్గరికొస్తాంటె తెలుస్తది, ఇగ అంచు ఎయ్యాలె అని. బట్ట ఒక్కసారి ఉతికితె జాజు పోతది. కొని కప్పుకున్నోనికి గుర్తు ఉండెనని గూడ తెల్వది. మీ సారు చెప్పిన ముందు సూచన గిదే గదా. ఆయన్ని ఒకసారి మన షెడ్డుకు తోలుకరా, ఛాయ పోస్త.

వాడ ఏమంటదో అని నాకు ఫికర్ లేదు. నా ఫికర్ ఒక్క మనిషి గురించి. అది నీకు ఎక్కలే.

సరే, సూచనలు ఇంత తెలిసినోనివి గదా, నీకొక పరీక్ష పెడతాన్న. నీ కథల నువ్వే జాజు గుర్తులు పెట్టినవ్, నీకే తెల్వకుండ. ఒకటి, ఆ పొద్దు చిన్నవ్వ నూనె ఎనుకనుంచి ఎందుకు రాసింది? ఎప్పుడు ముందట కూసోబెట్టుకోని రాసేది గదా. రెండు, పదమూడేండ్ల పిల్లను, నిండు బిందె సంకల పెట్టుకోని ఇంట్లకు రాకుండ వాడ మలుపుకాడ నేనెందుకు నిలవడ్డ? ఆలోచించు. తెలిసినంకనే కథ పంపు. తెల్వకపోతె నాకు రాయి, చెవి మెలేసి చెప్త.

చిన్నవ్వ నీకు సకినాలు కట్టింది. మీ దిక్కు పోయే వాళ్లతోని పంపుతాన్న.

పూలక్క

---

ఏటూరునాగారం,
26 డిసెంబర్ 1978

నా పూలక్కకు,

సకినాలు అందినయి. సగం మా ఏడో తరగతే తినేసింది.

నీ పరీక్ష రాసిన. మూడు రోజులు ఆలోచించిన అక్కా, నీ ప్రశ్నలు చదివినప్పుడు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇరవై ఏండ్ల తర్వాత ఇప్పుడు తెలిసింది. నువ్వొక్కదానివే ఆ రోజు నన్ను ఆపుదామనుకున్నవు. అందుకే రిక్షాకు అడ్డం వచ్చినవు. పదమూడేండ్ల పిల్లవు, నీకు అంతకంటే ఏం చేయ వస్తది? ఇంక నూనె సంగతి. ఆమె వెనకనుంచి రాసింది, ఎందుకంటే నా మొఖం చూడబుద్ధి కాలేదు. నూనె రాసేటప్పుడు గూడ ఆమె నా ముందటికి ఎందుకు రాలేదని నువ్వు అడిగేదాక నేను ఆలోచించలే.

ఈ మాట కథకు చానా బలం ఇచ్చింది. 'ఆమెకు నా మొఖం చూడబుద్ధి కాలేదు' అని ఒక వాక్యం కలిపి, మొన్న శనివారమే పోస్టు చేసిన. గడువు నెలాఖరుకు ముగుస్తది. సారు ఈ వాక్యం చూసి లేచి నిలబడ్డడు.

నీకెంత రుణపడ్డనో. అచ్చు అయితే మొదటి ప్రతి నీకే.

నీ తమ్ముడు

---

కొత్తవాడ
4-1-79

బాలకిషన్,

తమ్మీ అని రాయబుద్ధి అయితలేదు. గని ఈ కోపం సగం నా మీదనే. సక్కగ చెప్పాల్సిన ముచ్చటను పరీక్ష అనుకుంట సతాయించిన. నీకు తెలుస్తది, తెలిసి సిగ్గువడి ఉరికొస్తవ్ అనుకున్న. నువ్వేమో ఉల్టా చదివినవ్.

ఇను. బాపు పోయి అప్పటికి నాలుగు నెలలు. చిన్నవ్వ చేతులకు గాజులు లేవు. గసొంటి మనిషి బయటికి పోయేటోనికి ఎదురు రావద్దంటరు, మొకం సూపియ్యొద్దంటరు. నువ్వు సదువుకు పోతానవ్. హాస్టల్ల రెండు పూటల బువ్వ పెడతరని, సదువు వస్తదని, కాళ్లు అరిగేటట్టు తిరిగి నీకు సీటు తెచ్చింది ఆమెనే. గా పోయే పొద్దు ఆమె మొకం నీకు తగిలి ఏమన్న కీడు అయితదేమోనని తెల్లారకముందు నుంచి నీ కండ్లకు అవుపడలే. అందుకే నూనె ఎనుకనుంచి రాసింది. అందుకే గోడదిక్కు తిరిగి గుంటల కూసున్నది. నువ్వు "పోయొస్త" అంటె తిరిగి చూడలే.

నిండు బిందె ఎదురొస్తె మంచిదని నన్ను లేపి, బిందె నింపి, మలుపుకాడ నిలవెట్టింది గూడ ఆమెనే. నిన్ను ఆపుదామని గాదు తమ్మీ. నువ్వు మంచిగ పోవాలెనని. రిక్షా ఆలస్యమయ్యి నా రెక్కలు గుంజినయ్, అందుకే బిందె తొణికి నీ అంగి తడిసింది.

నీకు తెలుసనుకున్న నేను. ఇన్నేండ్లు నువ్వు ఆమెతోని అంటీముట్టనట్టు ఉంటాంటె, పెద్ద సదువు సదివినోడు గట్లనే ఉంటడేమో అనుకున్న.

ఇప్పుడు ఆ వాక్యం ఆమె ఇనాలె. నీ మొకం చూడబుద్ధిగాక గాదు, ఆమె మొకం నీకు తగలొద్దని. ఏం చేస్తవో చెయ్యి.

పూలమ్మ

---

ఏటూరునాగారం,
16 జనవరి 1979

అక్కా,

నీ ఉత్తరం బడిల చదివిన. పిల్లలకు లెక్కలు చేయమని చెప్పి బయటికి పోయి ఏడ్చిన. నన్ను తిట్టు, ఎంతన్న తిట్టు.

అన్నీ నేనే రాసిన అక్కా. నూనె రాసిన, బిందె రాసిన, వీపు రాసిన. రాసినోన్ని నేనే, చదువరాలే.

సంపాదకునికి రిజిస్టర్ పోస్టుల ఉత్తరం రాసిన, కథ వెనక్కి పంపమని. లేకుంటే కనీసం ఆ ఒక్క వాక్యం కొట్టేయమని. రాజేశ్వర్ రావు సారు గూడ సంతకం పెట్టిండు. ఇప్పటికైతే ఏం జవాబు లేదు. చిన్నవ్వకు ఏం చెప్పకు. నేనే వచ్చి చెప్పాలె. కానీ ఏ మొఖం పెట్టుకొని రావాల్నో తెలుస్తలేదు.

బాలకిషన్

---

ఏటూరునాగారం,
10 మార్చి 1979

అక్కా,

పత్రిక వాళ్ల కార్డు ఇయ్యాల వచ్చింది. కథ ఉగాది సంచికకు తీసుకున్నరట, అభినందనలట. పేజీ అప్పటికే తయారైందట, మార్చుడు కుదరదట. బడిల అందరు చేతులు కలుపుతున్నరు, నేనేమో కార్డు జేబుల దాచుకుంటున్న.

ఆ వారం భాస్కర్‌ను పత్రిక తేవద్దని చెప్పు. తెస్తే దాచిపెట్టు. నీకు దండం పెడతా.

బాలకిషన్

---

కొత్తవాడ
30-3-79

తమ్మీ,

దాచిపెట్టుడు కాలే. భాస్కర్ పత్రిక ఊపుకుంట షెడ్డుల కొచ్చిండు, మన బాలకిషన్ పేరు పడ్డది అనుకుంట. నేను లేచి గుంజుకునే లోపల చిన్నవ్వ ముందటికొచ్చి కూసున్నది. ఉగాది పచ్చడి గిన్నెల పోసి తెచ్చింది తలా ఇంత పెడదామని.

భాస్కర్ మొదలుపెట్టిండు. రెండు పేరాలు చదివి, ఎవరి గురించో వానికి తెలిసినట్టుంది. కండ్లు మండుతానయ్ అని పత్రిక కింద పెట్టిండు. మగ్గాలన్నీ ఆగినయ్. అందరు తలకాయలు వంచుకున్నరు. చిన్నవ్వ నాదిక్కు చూసి, పూలా నువ్వు చదువు అన్నది.

చదివిన తమ్మీ. చదువుకుంట ఆ వాక్యం కాడికి వచ్చి దుంకిన. చిన్నవ్వ ఏదో దాటినవ్ అన్నది. లేదే అన్న. సదువురాకున్న నాకు ఇనవడుతది, వెనుకకు పోయి చదువు అన్నది. చదివిన. ఆమె మొకం చూడకుండ చదివిన.

కథ అయిపోయింది. చిన్నవ్వ ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. చరఖా మీద చెయ్యి పెట్టి, "వాడు నా దిక్కు చూసిండా? ఎనుకకు చూడకుండనే పోయిండనుకున్న ఇన్నేండ్లు" అన్నది. గంతే. నువ్వు చూసినవన్నదే ఆమెకు సంబురం. వాడు తప్పయిందని రాసిండు, కుమిలి కుమిలి ఏడుస్తాండు అని నేను చెప్పిన. తప్పేముందే, పిల్లగానికి వీపే కనవడ్డది, వీపే రాసిండు అన్నది. మీ సారు చెప్పిన మాటనే.

ఇగ అసలు ముచ్చట ఇను. అందరు పోయినంక ఇద్దరం కండెలు చుట్టుకుంట కూసున్నం. చిన్నవ్వ నవ్వుకుంట, గంప బోర్లేసింది గూడ మర్వలే వాడు, గని అదెందుకు బోర్లేసి ఉన్నదో మాత్రం రాయలే అన్నది. ఎందుకు అన్న. కండెలు లేకనే గదా అన్నది. అప్పుడు నా చెయ్యి ఆగింది. బాపు పోయినంక మనకు నూలు వచ్చుడు ఆగింది, ఆ వారం ఇంట్ల పోగు లేదు. కండెలు చుట్టేదాన్ని నేను. ఒక్కటి గూడ చుట్టలే ఆ వారం.

మరి మగ్గం సప్పుడు ఎట్లొచ్చింది చిన్నవ్వా, ఏం నేసినవ్ ఆనాడు అని అడిగిన.

"ఏం నేస్త? కండె లేని నాడె ఆడిచ్చిన. మగ్గం ఆగితె నా ఏడుపు వానికి ఇనవడుతది. ఇంటె రిక్షా దిగి ఉరికొస్తడు" అన్నది.

మలుపు తిరిగేదాక సప్పుడు ఆగలే అని నువ్వు రాసినవ్. నేను మలుపుకాడనే ఉన్న, నేనూ ఇన్న. ఇద్దరం ఇన్నం, ఇద్దరికి తెల్వలే. ఉల్టా నీకు పరీక్ష పెట్టిన నేను.

పూలక్క

---

ఏటూరునాగారం,
6 ఏప్రిల్ 1979

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు. రాజేశ్వర్ రావు సారుకు ఇచ్చిన. చదివిండు. తర్వాత, గంప సంగతి నేను తప్పు చెప్పిన్నని మీ అక్కకు రాయి అన్నడు.

వచ్చే శనివారం వస్తున్న. ఆదివారం ఉండి సోమవారం మొదటి బస్సుకు తిరిగి పోవాలె. చిన్నవ్వకు చెప్పు, నాకు తలకు నూనె రాయాలె, ముందట కూసోబెట్టుకొని. సోమవారం నేను బయలుదేరేటప్పుడు నిండు బిందె పట్టుకొని మలుపుకాడ నాకు ఎదురు రావాల్సింది నువ్వు కాదు. ఆమె. ససేమిరా అంటది, నాకు తెలుసు. రాకపోతే నేను బస్సెక్కనని, ఏడో తరగతికి పంతులు లేకుండ పోతడని చెప్పు.

బాలకిషన్

---

కొత్తవాడ
16-4-79, సోమవారం

తమ్మీ,

కార్డు ముక్కల రాస్తాన్న, జల్ది పోవాలెనని. నువ్వు బస్సెక్కినప్పటి సంది చిన్నవ్వ ఇంటి కడప మీదనే కూసున్నది. బువ్వ ముట్టలే, ఛాయ ముట్టలే. ఆ బిందె ఇంక పక్కనే పెట్టుకున్నది. వాడు పట్టువడితె ఎదురు వోతి, వానికి తొవ్వల ఏమన్న అయితె ఎట్లనే పూలా అంటాంది. ఆ బస్సు సంగతి నీకు తెల్వదా అని నన్నే గదమాయిస్తాంది. నేను ఎంత చెప్పినా ఇంటలేదు. చేరినవని రాయి. నాకు గాదు, ఆమె పేరు మీద రాయి.

పూలక్క

---

ఏటూరునాగారం,
16 ఏప్రిల్ 1979

మల్లవ్వ గారికి,
కొత్తవాడ, వరంగల్

చిన్నవ్వా,

నీకు ఇదే నా మొదటి ఉత్తరం. అక్క చదివి వినిపిస్తది, ఏ వాక్యం దాటకుండ.

పదకొండు గొట్టంగ చేరిన. బస్సు పంచరు కాలే. ఇన్నేండ్లల్ల మొదటిసారి టైముకు చేరింది. మొక్కు ప్రకారం డ్రైవర్‌కు దండ వేస్తే ఆయన బిత్తరపోయిండు. నువ్వు బిందె తొణికించి తడిపిన అంగి ములుగు దాకా ఆరలే. మొఖం మీద ఎండ పడ్డప్పుడల్లా తలకున్న నూనె వాసన వచ్చింది.

ఇగ ఎప్పుడు బయలుదేరినా నువ్వే ఎదురు రావాలె.

నేను చేరిన ముచ్చట తెలిసేదాక నువ్వు ముద్ద ముట్టవని నాకు తెలుసు. లేచి బువ్వ తిను.

నీ కొడుకు
బాలకిషన్